అన్నీ కలిపే రిసార్టులో దిగిన ట్రావెల్ ఏజెంటు: మొదటి 24 గంటల పని

‘ఆల్ ఇన్‌క్లూజివ్’ అంటే ఏమిటని హన్మకొండ చౌరస్తా ట్రావెల్ ఆఫీసులో కస్టమర్ అడిగితే మనం చెప్పేది ఒకటే మాట: "అన్నీ అండ్లనే వస్తయి సార్." గది, మూడు పూటల తిండి, మందు, ఈతకొలను, రాత్రి ఆటపాటలు. అంతవరకు నిజమే. కానీ తిరిగొచ్చిన కస్టమర్ చేసే ఫిర్యాదులు వచ్చినవాటి మీద ఉండవు, రానివాటి మీదే ఉంటాయి. అందుకే ఫ్యామ్ ట్రిప్పు (రిసార్టును ఏజెంట్లకు పరిచయం చేసే ప్రయాణం) మీద ఒంటరిగా వెళ్లినా, గ్రూపును వెంటబెట్టుకుని వెళ్లినా ఏజెంటు మొదటి రోజు చేయాల్సింది ఒకటే. ఆ ‘అన్నీ’లో ఏమేమి లేవో కనిపెట్టి కాగితం మీద పెట్టాలి. ఈతకొలను రెండో రోజు కూడా అక్కడే ఉంటుంది.

వరంగల్, కరీంనగర్ వైపు నుంచి కరీబియన్ బుకింగులు ఎక్కువగా వచ్చేది అమెరికాలో పిల్లలున్న ఇళ్ల నుంచి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు దగ్గరికి అమ్మానాన్నలు వెళ్తారు, అక్కడి నుంచి అందరూ కలిసి నాలుగు రోజులు బీచ్‌కు పోతారు. అలాంటి వాళ్లు ఎక్కువగా అడిగే రెండు చోట్లు డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా, జమైకాలోని మాంటెగో బే. ఇక్కడ చెప్పేవన్నీ ఆ రెంటికీ సరిపోతాయి, తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ఇక్కడే తేల్చుకోవాల్సినవి

ముందు వీసా. భారత పాస్‌పోర్టుతో పర్యటనకు వెళ్లేవారిని జమైకా ముందస్తు వీసా అడగదు. డొమినికన్ రిపబ్లిక్ అడుగుతుంది గానీ, చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, బ్రిటన్ లేదా షెంగెన్ వీసా ఉంటే చాలంటుంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొట్టే రోజున ఆ దేశపు అధికారిక సైటు మళ్లీ చూడాలి. హైదరాబాద్ నుంచి కరీబియన్‌కు నేరు విమానం లేదు. యూరప్ మీదుగానో అమెరికా మీదుగానో పోవాలి కాబట్టి మధ్యలో ఆగే దేశపు ట్రాన్సిట్ వీసా సంగతీ అప్పుడే చూసుకోవాలి.

అసలు ప్రమాదం వెళ్లడంలో కాదు, తిరిగి రావడంలో ఉంది. "జమైకాకు వీసానే అక్కర్లేదు కదా" అని హెచ్-1బి మీద ఉన్న కొడుకు ధైర్యంగా బయల్దేరతాడు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటుంది. తీరిన స్టాంపుతోనే 30 రోజుల్లోపు తిరిగి రానిచ్చే ‘ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్’ అనే వెసులుబాటు హెచ్-1బి వాళ్లకు మెక్సికో, కెనడాలకే వర్తిస్తుంది. కరీబియన్ దీవులకు వర్తించేది ఎఫ్ (చదువు), జె (ఎక్స్ఛేంజి) వీసాల వాళ్లకు మాత్రమే, అందులోనూ క్యూబాకు లేదు. కాబట్టి బుకింగ్ తీసుకునే ముందు ఇంట్లో ప్రతి ఒక్కరి స్టాంపు గడువు తేదీ ఫొటో తెప్పించుకోండి. స్టాంపు తీరిన వాళ్లుంటే కరీబియన్ వద్దని చెప్పడమే మీ పని, కమీషన్ పోయినా సరే. అమ్మానాన్నలది మల్టిపుల్ ఎంట్రీ వీసానా కాదా అన్నది కూడా చూడాలి. దీవికి పోయి వస్తే అమెరికాలో ఉండే గడువు కొత్తగా ఆరు నెలలు మొదలవుతుందని కొందరు అనుకుంటారు, దాని మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పండి. 30 రోజుల్లోపు వచ్చినవారిని పాత ఐ-94లో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) మిగిలిన గడువుకే రానివ్వొచ్చు.

ట్రినిడాడ్‌కు వెళ్లేవాళ్లుంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు కావాలి. ఆ దీవి భారత ప్రభుత్వ జాబితాలో ఉంది. టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కార్డు లేకుండా తిరిగొస్తే విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌లో పెట్టే అధికారం అక్కడి ఆరోగ్య అధికారులకుంది.

ఇక పేర్లు, తేదీలు. చూడ్డానికి చిన్న సంగతులు, కౌంటర్ దగ్గర సగం గొడవలకు మూలం ఇవే. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ‘సర్‌నేమ్’ గడిలో ఉంటుంది, ఇంకొకరికి పేరుతో కలిసి ఒకే గడిలో ఉంటుంది, మూడో ఆయనకు ఆ గడి ఖాళీ. రిసార్టు వాళ్లు సర్‌నేమ్‌తోనే వెతుకుతారు కాబట్టి ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు రకాలుగా ఉంటే రెండు గదులు దొరికి మూడోది దొరకదు. పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా బుకింగులో రాయించాలి. తేదీకి నెల పేరు అక్షరాల్లో రాయాలి. మనం 05/08 అని రాస్తే ఆగస్టు 5, అమెరికా హోల్‌సేలర్ (మనకు గదులు టోకున అమ్మే కంపెనీ) చదివితే మే 8.

బుకింగ్ నంబర్లు రెండుంటాయి: హోల్‌సేలర్ ఇచ్చేది ఒకటి, హోటల్ సొంత కన్ఫర్మేషన్ నంబర్ ఒకటి. చాలామంది ఏజెంట్ల దగ్గర మొదటిదే ఉంటుంది. ప్రయాణానికి 72 గంటల ముందు రిసార్టుకే మెయిల్ పెట్టి రెండో నంబరు తెప్పించుకోండి. అదే మెయిల్‌లో గది రకం, మంచాల సంఖ్య, పిల్లల వయసులు, శాకాహారులు ఎందరు, చక్రాల కుర్చీ ఎవరికి కావాలో రాయండి. జవాబు ప్రింటు తీసి చేతిలో ఉంచుకోవాలి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా కౌంటర్ దగ్గరే.

సీజను గురించి ఒక మాట. మనవాళ్లకు సెలవులు దొరికేది దసరాకు, ఎండాకాలంలో, సంక్రాంతికి. దసరా తుపానుల కాలంలో పడుతుంది. అట్లాంటిక్ హరికేన్ సీజను జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, ఉధృతి ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా. 2025 అక్టోబర్ 28న మెలిస్సా తుపాను అయిదో కేటగిరీ బలంతో తాకింది పశ్చిమ జమైకానే. ఆ ప్రాంతానికి బుక్ చేసేముందు రిసార్టు పూర్తిగా తెరిచిందా, ఎన్ని రెస్టారెంట్లు నడుస్తున్నాయి అని రాతపూర్వకంగా అడగాలి. ఎండాకాలం సెలవుల్లో నాచు బెడద, దాని సంగతి కింద వస్తుంది. సంక్రాంతికి వాతావరణం బంగారం, రేటు కూడా బంగారమే.

సూట్‌కేసులో ఏముంది

శంషాబాద్ దాకా హన్మకొండ నుంచి జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ ఎక్కి పోతే 170 కి.మీ. వరకు ఉంటుంది. నాలుగు గంటలు లెక్కేసుకుని బయల్దేరాలి. గ్రూపు అయితే కారు ఎక్కేముందే పెట్టెలు తెరిపించడం మంచిది, శంషాబాద్ కౌంటర్ ముందు నేల మీద పరిచేకంటే.

నూనె పచ్చళ్లు చేతి సంచిలో వద్దు, చెక్-ఇన్ పెట్టెలో రెండు కవర్లలో బిగించాలి. ఎండు కొబ్బరి చిప్పలు చెక్-ఇన్ పెట్టెలో నిషేధం, వాటికి నిప్పంటుకునే గుణం ఉంది. దుబాయ్ మీదుగా పోయేవాళ్లు గసగసాలు అసలే తీసుకుపోవద్దు, అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. మాంసం పచ్చళ్లు, నెయ్యి, పళ్లు, విత్తనాలు దీవుల కస్టమ్స్ దగ్గర ఆగిపోతాయి. సకినాలు, పొడులు సీలు కవర్లో ఉండి, ఫారంలో తిండి పదార్థాలున్నాయని రాస్తే సాధారణంగా ఇబ్బంది రాదు.

మిలిటరీ దుస్తుల్లాంటి రంగు మచ్చల (కామోఫ్లాజ్) బట్టలు జమైకా, బార్బడోస్‌లలో మామూలు పౌరులు వేసుకోవడం నేరం. చిన్నపిల్లల ప్యాంటైనా, టోపీ అయినా, సంచి అయినా అంతే. మన బజార్లో పిల్లలకు దొరికే షార్టుల్లో సగం ఆ మచ్చలవే కాబట్టి ఇది విడిగా చెప్పాలి.

కరెంటు అక్కడ 110 వోల్టులు, ప్లగ్గు రెండు చప్పటి పలకలది. ఫోన్ ఛార్జర్లకు అడాప్టర్ చాలు. ఇంటి నుంచి తెచ్చిన 230 వోల్టుల రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె మాత్రం అక్కడ నాలుగో వంతు వేడి కూడా ఇవ్వవు. అన్నం నానుతుంది గానీ ఉడకదు. పైగా గదిలో వంట చాలా రిసార్టుల్లో నిషేధం.

కార్డుల సంగతి ఇంటి దగ్గరే పూర్తిచేయాలి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మొదట ఆపి ఉంటుంది, యాప్‌లో మనమే తెరవాలి. ఓటీపీ రావాలంటే భారత సిమ్‌కు రోమింగ్ ప్యాకు బయల్దేరకముందే వేయించాలి. ఒక్కో మనిషికి 1, 5 డాలర్ల నోట్లు కలిపి 40 డాలర్ల దాకా ఉంటే పని జరుగుతుంది. వంద డాలర్ల నోటుకు చిల్లర ఎవరూ ఇవ్వరు.

విమానాశ్రయం నుంచి గేటు దాకా

డొమినికన్ రిపబ్లిక్‌కు ఈ-టికెట్ అనే ఆన్‌లైన్ ఫారం తప్పనిసరి. వచ్చేటప్పుడూ కావాలి, వెళ్లేటప్పుడూ కావాలి. కుటుంబమంతటికీ ఒకే ఫారం నింపొచ్చు. నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. జమైకాకూ ఆన్‌లైన్ ఫారం ఉంది, అదీ ఉచితమే.

ఎక్కడ ఉంటారని ఇమిగ్రేషన్ అధికారి అడిగితే రిసార్టు పూర్తి పేరు చెప్పాలి. పుంటా కానా వైపు ఒకే గోడ లోపల ఒకే కంపెనీవి నాలుగైదు రిసార్టులుంటాయి, పేరులో చివరి మాట ఒక్కటే తేడా. డ్రైవరుకూ ఆ చివరి మాటే ముఖ్యం. అది తప్పితే సామాను ఒక లాబీలో, మనిషి ఇంకో లాబీలో దిగుతారు.

బయటికి రాగానే చొక్కాకు బ్యాడ్జి, చేతిలో పలక పట్టుకున్న వాళ్లు చుట్టుముడతారు. "మీ రిసార్టు మనిషిని నేనే" అంటారు. కొందరు టాక్సీ వాళ్లు, కొందరు టూర్లు అమ్మేవాళ్లు, ఇంకొందరు టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు వాడుకునే గది వాటా) అమ్మేవాళ్లు. ట్రాన్స్‌ఫర్ వోచరు మీద ఉన్న కంపెనీ పేరు, పలక మీద పేరు, మీ పేరు మూడూ కలిస్తేనే వెంట నడవాలి. జమైకాలో లైసెన్సున్న టాక్సీకి నంబర్ ప్లేటు ఎర్రగా ఉంటుంది. తెల్ల ప్లేటు బండి ఎక్కొద్దు.

ప్రయాణ దూరం కస్టమర్‌కు ముందే చెప్పాలి. పుంటా కానా విమానాశ్రయం నుంచి బావరోకు అరగంట, ఉవేరో ఆల్టోకు ముప్పావు గంట నుంచి గంట, బయాయిబేకు గంట. మాంటెగో బే నుంచి నెగ్రిల్‌కు గానీ ఓచో రియోస్‌కు గానీ గంటన్నర పైమాటే. అందరూ కలిసిపోయే షేరింగ్ బస్సయితే దారిలో అయిదారు రిసార్టుల దగ్గర ఆగుతుంది, ఈ లెక్కకు ఇంకో గంట కలపాలి. పెద్దవాళ్లుంటే ప్రైవేటు బండి డబ్బులు దండగ కావు.

కౌంటర్ దగ్గర

గది ఇచ్చేది మధ్యాహ్నం 3 గంటలకు. మీ విమానం 11కే దిగితే గది దొరికేదాకా నాలుగు గంటలు గడపాలి. చేతి సంచిలో ఒక జత ఈత బట్టలు, మందులు, చెప్పులు పెట్టుకుంటే పెట్టెలు బెల్ డెస్క్‌లో వదిలేసి బీచ్‌కు, బఫేకు పోవచ్చు. గది లేకున్నా చేతికి పట్టీ కడితే తిండి మొదలైనట్టే. పట్టీ కట్టమని మీరే అడగాలి.

ఆ పట్టీని మన కంకణం లెక్కనే చూడాలి: కట్టాక ఉన్నన్ని రోజులు విప్పకూడదు. కోసేస్తే కొత్తదానికి డబ్బులు అడిగే రిసార్టులూ ఉన్నాయి. రంగును బట్టి ఎవరికి ఏం దొరుకుతుందో ఉంటుంది. పెద్దలకొకటి, 18 లోపు వాళ్లకొకటి, ఎక్కువ డబ్బు కట్టిన క్లబ్ గదుల వాళ్లకొకటి. కొడుకు క్లబ్ గది, తల్లిదండ్రులు మామూలు గది తీసుకుంటే సాయంత్రం లాంజ్ గుమ్మం దగ్గర తండ్రిని ఆపేస్తారు. ఒక ఇంటివాళ్లకు రెండు రకాల గదులు ఎప్పుడూ వేయకండి.

కార్డు మీద కొంత మొత్తం ‘హోల్డ్’ పెడతారు. అది ఖర్చు కాదు గానీ వదలడానికి రోజులు పడుతుంది. ఫారెక్స్ కార్డు ఇస్తే ఉన్న డాలర్లు అందులో ఇరుక్కుపోతాయి. క్రెడిట్ కార్డే ఇవ్వాలి.

ఏజెంట్ రేటుకు గది తీసుకున్నవాళ్లు గుర్తింపు పత్రం చూపించాలి. ఐయాటా (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) కార్డు, లేదంటే ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఉత్తరం, విజిటింగ్ కార్డు. బుకింగ్ చేసేటప్పుడే ఏది కావాలో అడిగి ఉంచండి. అది లేకపోతే మామూలు రేటు వసూలు చేస్తారు. ఆ రేటు మీ పేరుకే చెల్లుతుంది, బావమరిదికి ఇవ్వడానికి లేదు.

అప్పుడప్పుడు గదులు ఎక్కువ అమ్మేసి "మీకు పక్క హోటల్లో ఇస్తాం" అంటారు. గొంతు పెంచితే లాభం లేదు. ప్రింటు తీసిన మెయిల్ ముందు పెట్టి, డ్యూటీ మేనేజర్‌ను పిలిపించి మూడు అడగాలి: ఇదే స్థాయి లేదా పై స్థాయి హోటల్, రానుపోను బండి, ఎన్ని రాత్రులో రాతలో. గ్రూపును చీల్చడానికి మాత్రం ఒప్పుకోవద్దు. పోతే అందరూ కలిసి పోవాలి.

పెట్టె విప్పక ముందు పదిహేను నిమిషాలు

గది మార్పించుకోవాలంటే పెట్టెలు విప్పక ముందే అడగాలి. మంచం మీద పడుకున్నాక ఆ మాటకు బలం తగ్గుతుంది. తలుపు తీయగానే ముక్కుతో మొదలుపెట్టండి. తడి వాసన వస్తే ఏసీలో బూజు ఉన్నట్టు, ఎంతసేపు నడిపినా పోదు. ఏసీ 20 డిగ్రీలకు పెట్టి బాల్కనీ తలుపు గట్టిగా మూయండి. చాలాచోట్ల ఆ తలుపుకు సెన్సార్ ఉంటుంది, కొంచెం తెరుచుకున్నా ఏసీ ఆగిపోతుంది. "ఏసీ పనిచేయట్లేదన్నా" అని రాత్రి వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే. వేడినీళ్లు రెండు నిమిషాలు వదిలి చూడాలి, లాకర్ ఒకసారి మూసి తెరవాలి, టాయిలెట్ ఫ్లష్ నొక్కాలి.

తర్వాత మనవాళ్ల కళ్లతో చూడాలి. స్నానాల గదికి గోడ ఉందా, గాజు పలకేనా? హనీమూన్ జంటలకని చాలా రిసార్టులు టబ్బును మంచం పక్కనే పెడతాయి. అత్తామామలతో, పెళ్లీడుకొచ్చిన పిల్లలతో అలాంటి గదిలో ఉండలేరు, అది బ్రోచర్ ఫొటోలో కనిపించదు. టాయిలెట్లో జెట్ ఉండదు, మగ్గూ ఉండదు. ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టెలో వేసుకోమని చెప్పే ఏజెంటుకు వచ్చే ఏడాది కూడా అదే కుటుంబం ఫోన్ చేస్తుంది. ‘ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు’ అన్న గదిలో నిజంగా రెండు డబుల్ మంచాలే ఉంటాయి, పదిహేనేళ్ల కొడుకు తండ్రి పక్కన పడుకోవాలి. పక్క గదిలోకి లోపలి తలుపు ఉందో లేదో చూసి ఆ గది నంబర్లు రాసుకోండి.

చివరగా లాబీ నుంచి గది దాకా నడిచి నిమిషాలు లెక్కపెట్టండి, మీ నడకతో కాదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నడకతో. పెద్ద రిసార్టుల్లో పదిహేను నిమిషాలు మామూలే. గోల్ఫ్ బండి ఎంతసేపటికి వస్తుంది, మూడంతస్తుల బ్లాకులో లిఫ్టు ఉందా లేదా అన్నది కూడా అప్పుడే చూడాలి. చాలా పాత బ్లాకుల్లో ఉండదు.

తిండి: ఇక్కడే గెలుపోటములు

కరీబియన్ రిసార్టులో మాంసం తినేవాళ్లకు లోటు లేదు. శాకాహారికి ఆకలి ఉండదు గానీ అనుమానం ఉంటుంది. డొమినికన్ బఫేలో అన్నం, ఎర్ర చిక్కుడు గింజల కూర రోజూ ఉంటాయి, చూస్తే మన రాజ్మానే. కానీ ఆ గింజలు తరచుగా కోడి రసంలోనో పంది మాంసం ముక్కతోనో ఉడుకుతాయి. జమైకా ‘రైస్ అండ్ పీస్’ కొబ్బరిపాలతో చేస్తారు, అందులోనూ ఉప్పు మాంసం పడొచ్చు. "వెజిటేరియన్" అంటే అక్కడి వంటవాడికి మాంసం ముక్క కనబడకపోతే చాలు, చేప కూడా మాంసమేనని అనుకోనివాళ్లూ ఉంటారు. అందుకే ఒక్కొక్కటీ పేరుతో చెప్పాలి. స్పానిష్‌లో ‘సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ వేవో, సిన్ కాల్దో దే పోయో’: మాంసం, కోడి, చేప, గుడ్డు, కోడి రసం ఏదీ వద్దని. ఈ అయిదూ చిన్న కార్డు మీద స్పానిష్‌లో ప్రింటు చేయించి గ్రూపులో ప్రతి శాకాహారి చేతిలో పెడితే రోజుకు పది గొడవలు తప్పుతాయి.

బఫే మేనేజర్ దగ్గరికి పోవడం కాదు, ఎగ్జిక్యూటివ్ షెఫ్‌తో పది నిమిషాలు మాట్లాడాలి. మొదటి రోజు సాయంత్రం 4 నుంచి 5 లోపు అయితే ఆయనకు తీరిక ఉంటుంది. విడిగా ఒక పప్పు, ఒక కూర, తెల్లన్నం చేయగలరా అని అడగండి. గ్రూపు పదిమంది దాటితే సాధారణంగా ఒప్పుకుంటారు. జమైకాలో అడగాల్సిన కూర ఒకటుంది: కలలూ. అది మన తోటకూర జాతిదే. ఉల్లిగడ్డ, వెల్లుల్లితో వేయించమంటే పెద్దవాళ్లు అన్నంలో కలుపుకుని తింటారు. ఉప్పుచేప మాత్రం వేయొద్దని చెప్పాలి. అక్కడి స్కాచ్ బోనెట్ మిరపకాయను మన పచ్చిమిరపకాయ అనుకుని కొరికితే పూటంతా పోతుంది. 1845 నుంచి భారత కూలీలు అక్కడికి వలస వెళ్లారు కాబట్టి మేక మాంసం కర్రీ, రోటీ అక్కడి సొంత వంటలైపోయాయి. కర్రీ పొడి వాసన మనకు కొత్తగా ఉంటుంది, అంతే.

బఫే కాక విడి రెస్టారెంట్లు అయిదారు ఉంటాయి. జపనీ, ఇటాలియన్ ఇలా. వాటికి ముందే సీటు బుక్ చేసుకోవాలా, ఎన్ని రాత్రులకు ఎన్ని అనుమతి, మొదటి రోజే అడగాలి. వారాంతానికి మంచి గంటలన్నీ అయిపోయి రాత్రి 9:30 మిగులుతుంది, మన పెద్దవాళ్లు ఏడింటికే తినేవాళ్లు. మగవాళ్లకు ఫుల్ ప్యాంటు, మూసిన బూట్లు లేకపోతే వీటిలోకి రానివ్వరు. లుంగీ, షార్టు, చెప్పులు గుమ్మం బయటే.

మంచినీళ్లు సీసాలవే తాగాలి, పళ్లు తోముకోవడానికి కూడా. గదిలో రోజుకు ఎన్ని సీసాలు పెడతారో చూసి, చాలకపోతే హౌస్‌కీపింగ్‌కు రోజుకు రెండు డాలర్ల టిప్పుతో పాటు ‘మాస్ ఆగ్వా, పోర్ ఫవోర్’ అని చీటీ పెట్టండి. టిప్పుల విషయంలో ఒక తేడా: సాండల్స్ లాంటి కొన్ని రిసార్టు కంపెనీలు సిబ్బందికి టిప్పు ఇవ్వొద్దంటాయి, అక్కడ బట్లర్లకు మాత్రం మినహాయింపు.

లేనివాటి జాబితా

ఇదే మీ అసలు పని కాబట్టి మెనూ కార్డులు, గదిలోని పుస్తకం ఫొటోలు తీసి పెట్టుకోండి. సాధారణంగా ‘అన్నీ’లోకి రానివి: స్పా, జెట్ స్కీ, పారాసెయిలింగ్ లాంటి ఇంజను ఆటలు, చాలాచోట్ల స్కూబా, ఖరీదైన వైన్లు, లాబ్‌స్టర్, బీచ్ మీద గుడారాలు, ఫొటోలు, బయటి టూర్లు, డాక్టరు. కయాక్, పెడల్ బోటు, స్నార్కెల్ సామాను మామూలుగా వస్తాయి గానీ రోజుకు గంటకు మించి ఇవ్వకపోవచ్చు. డాక్టరు గదికి వస్తే బిల్లు చేతిలో పెట్టినప్పుడు నోట మాట రాదు. ప్రయాణ బీమా లేని పెద్దవాళ్లను గ్రూపులో ఎక్కించుకోవద్దు.

సముద్రం

భద్రకాళి చెరువులో, లక్నవరంలో ఈదినవాడికి సముద్రం లోపలికి లాగుతుందన్న సంగతి తెలియదు. బీచ్‌లో దిగగానే జెండా చూడాలి. పచ్చ అయితే దిగొచ్చు, పసుపు అయితే మోకాలి లోతు దాటొద్దు, ఎర్ర జెండా అయితే తడి ఇసుక దగ్గరే ఆగాలి, రెండు ఎర్ర జెండాలుంటే నీళ్లు మూసేసినట్టు. ఊదా రంగు జెండా జెల్లీ చేపలకు గుర్తు. ఉవేరో ఆల్టో వైపు అట్లాంటిక్ అలలు పెద్దవి, ఎర్ర జెండా ఎక్కువ రోజులు ఎగురుతుంది. పగడపు దిబ్బ అడ్డున్న బావరో, పడమటి తీరపు నెగ్రిల్ నెమ్మదిగా ఉంటాయి. ఈత రాని కుటుంబాలకు ఈ రెండే.

నాచు, అంటే సర్గాసమ్, 2011 నుంచి పెద్దఎత్తున ఒడ్డుకు కొట్టుకొస్తోంది. మార్చి, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఎక్కువ. కుళ్లితే కుళ్లిన గుడ్డు వాసన, దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లకు ఇబ్బంది. తూర్పు ముఖం తీరాలకు ఎక్కువ తగులుతుంది, బయాయిబే, నెగ్రిల్ వైపు తక్కువ. ఏజెంటు చూడాల్సింది నాచు ఉందా లేదా అని కాదు, అది ఏ తీరానికైనా వస్తుంది. ఉదయం 6 గంటలకు బీచ్‌కు పోయి ఎంతమంది, ఏ యంత్రంతో, ఎన్నింటికల్లా ఎత్తేస్తున్నారో చూడాలి. సముద్రంలో అడ్డు తీగ కట్టారో లేదో అడగాలి. తొమ్మిదింటికి పోతే అన్ని బీచ్‌లూ శుభ్రంగానే కనిపిస్తాయి.

రాత్రి తిరుగుడు, పొద్దున ఉచిత టిఫిన్

రాత్రి 11 గంటలకు ఒకసారి రిసార్టు చుట్టూ తిరగండి. థియేటర్ చప్పుడు ఏ బ్లాకుల దాకా వినబడుతుందో, డిస్కో ఎన్నింటికి ఆగుతుందో మ్యాపు మీద గుర్తుపెట్టుకోండి. ఆ బ్లాకుల నంబర్లు మీ దగ్గరుంటే తర్వాతి బుకింగుల్లో ‘ఇవి వద్దు’ అని రాయొచ్చు. ‘అడల్ట్స్ ఓన్లీ’ రిసార్టులకు పిల్లలతో పోతే గేటు దగ్గరే ఆపుతారు. బీచ్ మీద గంజాయి అమ్మజూపేవాళ్లు జమైకాలో కనబడతారు. ఆ మాట మన దేశం నుంచి పోయిందేనంటారు. గ్రూపులో కుర్రాళ్లకు ముందే చెప్పండి, అది సంచిలో పెట్టుకుని విమానాశ్రయానికి పోతే జైలే.

మర్నాడు పొద్దున లాబీలో ఎవరో నవ్వుతూ పిలుస్తారు: "స్వాగత సమావేశం, గంటన్నరే, టిఫిన్ ఉచితం, వంద డాలర్ల క్రెడిట్." అది టైమ్‌షేర్ అమ్మకం, గంటన్నర మూడు గంటలవుతుంది. ఏజెంటు సేల్స్ మేనేజర్‌ను కలవాలి గానీ ఈ బల్ల దగ్గర కాదు. సేల్స్ ఆఫీసులో విడిగా అరగంట అడిగి, గ్రూపు రేటు, ఏ తేదీలకు ఏజెంట్ రేటు లేదు, పదిహేను గదులు తీసుకుంటే ఒకటి ఉచితమా, కమీషన్ ఎప్పుడు ఎలా పంపుతారు అని రాతలో తీసుకోండి. కమీషన్ సాధారణంగా అతిథి ఖాళీ చేశాకే వస్తుంది.

హన్మకొండ ఆఫీసుతో మాట్లాడే సమయం కూడా లెక్కేసుకోవాలి. పుంటా కానా మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, జమైకా పదిన్నర గంటలు. ఏడాది పొడవునా ఇంతే, అమెరికాలో లాగా గడియారం మారదు. అక్కడ పొద్దున 8 అయితే ఇక్కడ సాయంత్రం 5:30 లేదా 6:30. ఆఫీసు మూసేలోపు దొరికేది ఆ గంటే, ఆలోపు జాబితా వాట్సాప్‌లో పంపేయాలి. గది ఖాళీ చేసే ముందు రోజు రాత్రి డొమినికన్ ఈ-టికెట్‌లో వెళ్లే భాగం నింపి ఉందో లేదో గ్రూపు మొత్తానికి ఇంకోసారి చూడండి, బస్సు ఎక్కాక వైఫై ఉండదు.